స్కాన్ చేసిన పాత ఫోటోలను గ్రంథాలయం కోసం సరిచేయడం ఎలా

పాత ఫోటోలు, గాజు నెగటివ్‌లు, పత్రికల పుటలు స్కాన్ చేయించడంతో పని సగమే అవుతుంది. ఆ ఫైళ్లు తెరిచి చూస్తే దుమ్ము చుక్కలు, వంకర అంచులు, పసుపు మచ్చలు, చెదలు తిన్న మూలలు కనిపిస్తాయి. వాటిని పాఠకులు చూడగలిగేలా, పరిశోధకులు నమ్మగలిగేలా తయారుచేయడం మిగతా సగం. పెళ్లి ఆల్బమ్‌కు స్టూడియోవాళ్లు మెరుగులు దిద్దినట్టు ఇక్కడ దిద్దకూడదు.

ఏ మచ్చ ముందు ఆగినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది వస్తువు మీద ఉన్నదా, మన స్కానింగ్‌లో పుట్టిందా? స్కానర్ అద్దం మీది వెంట్రుక, సెన్సర్ గీత, వంకరగా పెట్టడం, రంగు తేడా మన తప్పులు. అవి పోవాలి. మడత, సిరా మరక, పురుగు తిన్న చిల్లు, మౌంట్ (ఫోటో అంటించిన అట్ట) మీది స్టూడియో ముద్ర ఆ వస్తువు చరిత్ర. అవి ఉండాలి. ప్రదర్శన కోసం వాటిని తగ్గించాల్సి వస్తే వేరే నకలులో తగ్గించండి, తగ్గించామని రాసిపెట్టండి.

ముందు ఫైళ్లను మూడుగా విడదీయండి

మొదటిది మాస్టరు. స్కానర్ ఇచ్చిన 16 బిట్ల టిఫ్, కుదింపు లేకుండా, రంగు ప్రొఫైల్ (ఫైల్లోని సంఖ్యలు ఏ రంగులో చెప్పే వివరం) లోపలే పొదిగి ఉండాలి. దీన్ని ఎవరూ దిద్దరు. ఫోల్డర్‌ను రీడ్ ఓన్లీ చేసి, ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్లో ఏ కొంచెం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో దాచండి. ఆరు నెలలకోసారి మళ్లీ తీసి పోల్చితే డిస్క్ పాడవుతున్న సంగతి ముందే తెలుస్తుంది. రెండోది వాడుక నకలు. పాఠకులు తెర మీద చూసేది ఇదే. మూడోది ప్రదర్శన నకలు. గోడకు వేలాడదీయడానికో, పుస్తకంలో అచ్చు వేయడానికో అడిగినప్పుడు మాత్రమే చేసేది.

డిస్క్ లెక్క ముందే వేసుకోండి. 6×8 అంగుళాల ఫోటోను 600 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర స్కాన్ చేస్తే 3600×4800 పిక్సెళ్లు. 48 బిట్ల రంగులో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 16 బిట్లు) ఒక్కో ఫైలు దాదాపు 104 మెగాబైట్లు. వెయ్యి ఫోటోలకు 104 గిగాబైట్లు. పొరలతో దాచే పని ఫైలు దీనికి రెండు మూడింతలు కావచ్చు. రెండు చోట్ల ప్రతులు ఉంచాలి కనుక మొత్తాన్ని మళ్లీ రెండుతో గుణించండి.

ఫైలు పేర్లలో ఖాళీలు, తేదీలు, ఫోటోలోని వ్యక్తుల పేర్లు పెట్టకండి. సంస్థ పొట్టిపేరు, సేకరణ పేరు, ముందు సున్నాలతో నాలుగంకెల సంఖ్య, చివర మాస్టరో వాడుక నకలో చెప్పే ఒక అక్షరం చాలు. వ్యక్తి ఎవరన్నది రేపు మారవచ్చు, ఫైలు పేరు మారకూడదు.

కూర్చునే చోటు

కిటికీకి ఎదురుగా కూర్చుని ఈ పని చేయలేరు. మానిటర్‌ను క్యాలిబ్రేటర్‌తో 6500 కెల్విన్‌కు, వెలుతురు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల మధ్యకు తెచ్చుకోండి. షాపులో కొన్నప్పటి వెలుతురుతో పనిచేస్తే తెర మరీ ప్రకాశంగా ఉంటుంది. దానికి తగ్గట్టు మీరు ఫోటోను ముదురు చేస్తారు, ఇతరుల తెరల మీద అది మసకగా కనిపిస్తుంది. నైట్ మోడ్ ఆపేయండి. డెస్క్‌టాప్ వెనుక రంగురంగుల వాల్‌పేపర్ తీసేసి బూడిద రంగు పెట్టండి.

సాఫ్ట్‌వేర్‌కు ఫోటోషాప్ తప్పనిసరి కాదు. చుక్కలు తీయడానికి గింప్, పుటలకు స్కాన్‌టైలర్, ఒకేసారి వందల ఫైళ్లు మార్చడానికి ఇమేజ్‌మ్యాజిక్, వివరాలు పొదగడానికి ఎక్సిఫ్‌టూల్ అన్నీ ఉచితమే. చిన్న గ్రంథాలయానికి ఇవి సరిపోతాయి.

తిరిగి స్కాన్ చేయాల్సినవి పక్కకు తీయండి

దిద్దడం మొదలుపెట్టక ముందు మొత్తం బ్యాచ్‌ను థంబ్‌నెయిళ్లలో చూడండి. కొన్ని లోపాలను దిద్దడం కన్నా మళ్లీ స్కాన్ చేయడం చవక.

అన్ని ఫైళ్లలోనూ ఒకే చోట పైనుంచి కిందికి సన్నని గీత ఉంటే అది సెన్సర్ దారిలో పడ్డ దుమ్ము. అద్దం తుడిచి మళ్లీ స్కాన్ చేయండి. ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తే అవి న్యూటన్ రింగులు: ఫిల్ము అద్దానికి అంటుకుని ఏర్పడతాయి. వాటిని ఏ టూలూ శుభ్రంగా తీయలేదు. ఫిల్మును హోల్డర్‌లో కాస్త ఎత్తి పెట్టండి, లేదా యాంటీ న్యూటన్ గాజు వాడండి. పుట వెనుకవైపు అక్షరాలు ముందుకు కనిపిస్తుంటే ఆ కాగితం వెనుక నల్ల చార్ట్ ముక్క పెట్టి స్కాన్ చేయండి. పలుచని పాత కాగితానికి ఇంతకు మించిన మందు లేదు. హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపిణీ చూపే పటం) కుడి చివర గోడకు గుద్దుకున్నట్టు ఉంటే తెలుపులో వివరాలు పోయాయని అర్థం. ఏం చేసినా తిరిగిరావు.

దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే అది కూడా తిరిగి స్కాన్ చేయాల్సినదే. రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు ఊది, మెత్తని బ్రష్‌తో ఒకవైపుకు తోస్తే అరగంట దిద్దే పని తప్పుతుంది. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. డబ్బా గాలి వద్దు, అందులోని ద్రవం చిమ్మవచ్చు. నెగటివ్ ఎమల్షన్ (బొమ్మ ఉన్న పూత) వైపు గుడ్డ, స్పిరిట్ అస్సలు తగలకూడదు.

స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే ఐసీఈ సదుపాయం ఉంటే అది రంగు ఫిల్ముకే పనికొస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడుతుంది. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కనుక స్కానర్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. నలుపు తెలుపు నెగటివ్‌లకు దాన్ని ఆపి ఉంచండి.

తిప్పడం, కత్తిరించడం

వంకరను మొదటే, ఒక్కసారే సరిచేయండి. తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్లను కొత్తగా లెక్కకట్టాలి, కాబట్టి ఒక డిగ్రీ అటు, అర డిగ్రీ ఇటు అంటూ మూడుసార్లు తిప్పితే పదును పోతుంది. కొలత టూల్‌తో అంచు వెంట గీత లాగి కోణం చూసి, ఒకేసారి తిప్పండి. మౌంట్ అంచు, ఫోటో అంచు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే మౌంట్‌నే ప్రమాణంగా తీసుకోండి.

కత్తిరించేటప్పుడు వస్తువు చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్ల నేపథ్యం వదలండి. అంచు దాకా కోస్తే ఫోటో చిరిగి ఉందో, మనమే కోసేశామో చూసేవాళ్లకు తెలియదు. ఆల్బమ్ అయితే మొత్తం పుట ఒక ఫైలు, ఒక్కో ఫోటో ఒక్కో ఫైలు చేయండి. పుట మీద చేతిరాతతో రాసిన పేర్లు విడి ఫోటోల్లో పోతాయి. పుట ఫైలు ఉంటే ఎవరు ఎవరో మళ్లీ చూసుకోవచ్చు.

గాజు నెగటివ్ అయితే కుడి ఎడమలు తారుమారయ్యాయేమో ఇక్కడే చూడాలి. దుకాణాల బోర్డులు, ఫోటోగ్రాఫర్ ప్లేటు మీద రాసిన నంబరు పాజిటివ్‌లో సూటిగా చదవడానికి రావాలి. రాతలేవీ లేకపోతే చొక్కా గుండీలు, జేబు చూడండి. పైట ఏ భుజం మీద ఉందన్నది మాత్రం నమ్మకమైన గుర్తు కాదు, కట్టు ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది.

వెలుగునీడలు, రంగు

వెలుగునీడలను దానంతటదే సరిచేసే ఆటో లెవెల్స్ నొక్కకండి. అది ప్రతి ఫోటోనూ విడిగా లాగుతుంది. ఒకే ఆల్బమ్‌లో, ఒకే రోజు తీసిన ఇరవై ఫోటోలు ఇరవై రకాల రంగుల్లోకి పోతాయి. ఆల్బమ్‌లో ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ వెలిసిపోయిందన్నదీ పరిశోధకుడికి కావలసిన సమాచారమే.

స్కాన్ చేసేటప్పుడు పక్కన పెట్టిన బూడిద పట్టీని ఐడ్రాపర్‌తో కొలవండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంఖ్యలు ఒకదానికొకటి 2, 3 తేడాలో ఉండాలి. అంతకన్నా తేడా ఉంటే కర్వ్‌తో (వెలుగు, రంగు స్థాయిలను మార్చే గీత) సరిచేసి, అదే కర్వ్‌ను ఆ బ్యాచ్ మొత్తానికి వాడండి. ఈ పని 16 బిట్లలోనే చేయండి. 8 బిట్లలో కర్వ్ గట్టిగా లాగితే ఆకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు వస్తాయి.

0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు అనే కొలతలో, వాడుక నకలులో అతి నల్లని చోటు 8–12 దగ్గర, కాగితం తెలుపు 240–245 దగ్గర నిలపండి. 0కీ 255కీ లాగొద్దు. పాత ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత కాగితం) ప్రింట్ల గోధుమ రంగును తీసేసి నలుపు తెలుపు చేయడం సరిచేయడం కాదు. ఆ రంగు ఆ ప్రింటు ఏ పద్ధతిలో చేసినదో చెబుతుంది.

ప్రదర్శన నకలుకు మరకలు తగ్గించాలంటే బ్రష్ ఎత్తక ముందు చానళ్లు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలు) విడదీసి చూడండి. పసుపు, గోధుమ మరకలు నీలం చానల్లో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు చానల్లో దాదాపు మాయమవుతాయి. నలుపు తెలుపు ఫోటోకు ఎరుపు చానల్ ఒక్కటే తీసుకుంటే సగం మరకలు బ్రష్ తగలకుండానే పోతాయి. బొమ్మే పసుపుబారి వెలిసిపోయినప్పుడు మాత్రం ఇది తిరగబడుతుంది: మిగిలిన వివరం నీలం చానల్లో ఎక్కువగా దొరుకుతుంది. రెండూ చూశాకే నిర్ణయించండి. అంచుల్లో నల్లని చోట్ల నీలి వెండి మెరుపు ఉంటే, అది వెండి పైకి తేలడం వల్ల వచ్చింది. దాన్ని క్లోన్ చేసి (పక్క భాగాన్ని నకలు తీసి) కప్పడం కన్నా, లైట్లకూ లెన్సుకూ పోలరైజర్లు పెట్టి కెమెరాతో మళ్లీ తీయడం మంచిది.

చుక్కలు తీయడం

ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. డస్ట్ అండ్ స్క్రాచెస్ లాంటి ఫిల్టర్‌ను మొత్తం బొమ్మకు వేయకండి. దానికి దుమ్ము చుక్కకూ, ముక్కుపుడక మెరుపుకూ, కంటిపాపలోని వెలుగు చుక్కకూ, జరీ అంచుకూ తేడా తెలియదు. అన్నిటినీ తుడిచేస్తుంది.

నెగటివ్ నుంచి వచ్చిన పాజిటివ్‌లో చుక్క రంగే కారణం చెబుతుంది. తెల్ల చుక్క అంటే నెగటివ్ మీద దుమ్ము వెలుతురును అడ్డుకుంది. నల్ల చుక్క అంటే అక్కడ ఎమల్షన్ రాలిపోయి గాజు మిగిలింది. తెల్లవాటిలో తుడిస్తే పోయే దుమ్మును వాడుక నకలులో తీయండి. నల్లవి ప్లేటుకు జరిగిన నష్టం, వాడుక నకలులో వదిలేయండి. పాత స్టూడియోలవాళ్లు ఇలాంటి చిల్లులను ఎర్ర రంగుతో కప్పేవారు, ముఖాల మీద ముడతలను పెన్సిల్‌తో మెత్తన చేసేవారు. అది ఆనాటి పనితనం. దుమ్మనుకుని తీయకండి. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువు ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ కాలపు ఫోటోల అంచుల్లో నంబరు, శీర్షిక కనిపిస్తే వాటిని కోయడం, చెరపడం మరీ పెద్ద తప్పు. ఏ ప్లేటు ఏ వరుసలోదో తెలిసేది వాటితోనే.

పద్ధతి ఇది. ఫోటోషాప్‌లో ఖాళీ పొర ఒకటి పైన పెట్టి, హీలింగ్ బ్రష్‌కు (చుట్టుపక్కల రంగుతో కలిపి పూడ్చే టూల్) ‘కరెంట్ అండ్ బిలో’ ఎంచుకుని ఆ పొర మీదే దిద్దండి. గింప్‌లో అసలు పొరకు నకలు తీసి ఆ నకలు మీద హీల్ టూల్ వాడండి. అడుగు పొరను తాకవద్దు. బ్రష్ చుక్కకన్నా కొంచెం పెద్దదిగా ఉంటే చాలు. జూమ్ 100 శాతం. 300 శాతంలో చూస్తే ఫిల్ము గింజలన్నీ (గ్రెయిన్) దుమ్ములాగే కనిపిస్తాయి, రోజంతా ఒక్క ఫోటో దగ్గరే గడిచిపోతుంది. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి వరుసగా రండి. ఫోటోషాప్‌లో హోమ్ కీ పై మూలకు తీసుకెళుతుంది, పేజ్ డౌన్ ఒక తెర కిందికి, కంట్రోల్‌తో కలిపి నొక్కితే ఒక తెర కుడికి. ఇలా వెళితే ఏ భాగమూ తప్పిపోదు.

ఆకాశం, గోడ, నేల లాంటి చోట్ల హీలింగ్ చక్కగా పనిచేస్తుంది. భుజం, తలపాగా అంచు లాంటి గట్టి అంచుల పక్కన నలుపు పాకుతుంది. అక్కడ క్లోన్ టూల్ వాడండి, మెత్తని బ్రష్ కాక 70–80 శాతం గట్టిదనంతో. మరీ మెత్తగా ఉంటే గింజ మాయమై ఆ చోటు మైనంలా నున్నగా కనిపిస్తుంది. నమూనా తీసుకునే చోటును తరచూ మార్చండి, లేకపోతే ఒకే మబ్బు తునక మూడుచోట్ల కనిపిస్తుంది. బొమ్మను అద్దంలోలా కుడి ఎడమలు మార్చి 50 శాతంలో చూస్తే ఈ పునరావృతం ఇట్టే దొరుకుతుంది.

ముఖాల మీద, చేతిరాత మీద, బోర్డుల అక్షరాల మీద బ్రష్ పెట్టకండి. ముఖం మీది చుక్క దుమ్మో పుట్టుమచ్చో మనం తేల్చలేం.

వాడుక నకలుకు ఒక్కో ఫోటోకు ఐదు నిమిషాల హద్దు పెట్టుకోండి. అంతకు మించి పట్టేవాటిని వేరే జాబితాలో చేర్చండి. ఈ హద్దు లేకపోతే మొదటి ఆల్బమ్ మిలమిలలాడుతుంది, మిగతా ముప్ఫై ఆల్బమ్‌లు డిస్కులోనే ఉండిపోతాయి.

పగిలిన ప్లేట్లు

పగిలిన గాజు ముక్కలను స్కానర్ మీద ఒకదానికొకటి ఒరుసుకునేలా ఆనించకండి. అంచులు రాలతాయి, ఎమల్షన్ లేస్తుంది. మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఎమల్షన్ పైకి ఉండేలా లైట్‌బాక్సు మీద పెట్టి కెమెరాతో తీయండి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. నూలు గ్లవ్స్‌తో గాజు జారుతుంది. 6½×8½ అంగుళాల ఫుల్ ప్లేటుకు 1200 పీపీఐ దగ్గర 7800×10200 పిక్సెళ్లు వస్తాయి, 16 బిట్ల గ్రేలో సుమారు 160 మెగాబైట్లు.

తరువాత ఒక్కో ముక్కను ఒక్కో పొరలోకి కోసి దగ్గరకు జరపండి. సాగదీయకండి, జరపడం, తిప్పడం మాత్రమే. కలిసిన చోట పగులు గీత వాడుక నకలులో అలాగే ఉండాలి. ప్రదర్శన నకలులో ఆకాశం మీద, గోడ మీద గీతను పూడ్చవచ్చు. ముక్కే లేని చోట బొమ్మను ఊహించి గీయకండి, చుట్టుపక్కల రంగుకు దగ్గరైన బూడిద రంగు నింపితే చూసేవాళ్లకు నిజం తెలుస్తుంది.

అచ్చు పుటల్లోని బొమ్మలు, అక్షరాలు

1924లో మొదలైన ‘భారతి’ లాంటి మాసపత్రికల ఫోటోలు హాఫ్‌టోన్ చుక్కలతో అచ్చయ్యాయి. వాటిని 300 పీపీఐ దగ్గర స్కాన్ చేస్తే చుక్కల వరుసలూ పిక్సెళ్ల వరుసలూ ఢీకొని మోయిరే అలలు వస్తాయి. దానికి మందు లేదు, 600 దగ్గర మళ్లీ స్కాన్ చేయండి. అంగుళానికి 85 చుక్కల వరుసలున్న అచ్చు స్క్రీన్ అయితే 600 పీపీఐలో ఒక్కో చుక్కకు దాదాపు 7 పిక్సెళ్లు. వాడుక నకలులో ఆ బొమ్మ భాగం మాత్రమే ఎంచుకుని 2–3 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ వేసి, 300కి తగ్గించి, చివర కాస్త పదును పెట్టండి. మాస్టరులో చుక్కలు అలాగే ఉంటాయి. అచ్చు పద్ధతిని చదివేవాళ్లకు అవే ఆధారం.

ఇక తెలుగు అక్షరాల సంగతి. స్కాన్‌టైలర్‌లో డెస్పెకిల్‌ను (చుక్కలను దానంతటదే తీసే సదుపాయం) పూర్తిగా ఆపండి, తప్పనిసరైతే అతి తక్కువ స్థాయి పెట్టండి. ఎక్కువ స్థాయిలో అది చిన్న చుక్కలన్నిటినీ దుమ్ముగా లెక్కేస్తుంది. భ, ధ, ఫ, ఛ, ఢ అక్షరాల అడుగున ఉండే చిన్న గీత పాత లోహపు అచ్చులో తరచు అక్షరానికి అంటకుండా విడిగా పడుతుంది. అది పోతే ‘ధనము’ ‘దనము’ అవుతుంది, ‘ఫలము’ ‘పలము’ అవుతుంది. పాత పద్యాల అరసున్నలు మొత్తానికే మాయమవుతాయి. ఆ పుటను ఓసీఆర్‌కు (బొమ్మ నుంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) ఇస్తే తప్పు వెతుకులాటలోకీ పాకుతుంది. నలుపు తెలుపుగా మార్చేటప్పుడు హద్దును ముదురు వైపు జరిపితే సున్నలు, తలకట్టు సందులు పూడిపోతాయి, లేత వైపు జరిపితే సన్నని ఒత్తులు తెగుతాయి. పాడైన పుటలను అసలు నలుపు తెలుపు చేయకుండా గ్రేలోనే ఉంచడం మేలు. బొమ్మలున్న పుటకు మిక్స్‌డ్ మోడ్ ఎంచుకుని, బొమ్మ హద్దులు చేత్తో సరిచూడండి.

ఏఐ టూళ్ల విషయం

ముఖాలను పదునుచేసే, ఖాళీలు నింపే, రంగులద్దే ఏఐ టూళ్లను సేకరణ ఫైళ్ల మీద వాడకండి. మసక ముఖం నుంచి అవి కొత్త వివరం బయటకు తీయవు, కొత్త ముఖాన్ని కల్పిస్తాయి. సత్యాగ్రహ శిబిరం గ్రూప్ ఫోటోలో మూడో వరుస మనిషిని ఆయన మనవరాలు గుర్తుపట్టాలంటే ఆయన ముఖమే ఉండాలి. బోర్డు మీది తెలుగును ఇవి అక్షరాల్లా కనిపించే గీతలుగా మార్చేస్తాయి. ఎవరైనా ప్రచారానికి రంగులద్దిన బొమ్మ అడిగితే, దాన్ని సేకరణ సంఖ్యతో కాకుండా వేరే పేరుతో ఇచ్చి, బొమ్మ అడుగునే ‘రంగులు తరువాత అద్దినవి’ అని రాయండి.

సరిచూడటం, దాచడం

దిద్దినవారే సరిచూడకూడదు, రెండోవారు చూడాలి. తిప్పి కత్తిరించిన దిద్దని ప్రతిని అడుగున, దిద్దిన ప్రతిని పైన పెట్టి పొరను డిఫరెన్స్ మోడ్‌లో ఉంచండి. మారని చోటు అంతా నల్లగా ఉంటుంది. పైన లెవెల్స్ పొర వేసి వెలుతురు పెంచితే బ్రష్ తగిలిన ప్రతి చోటూ మెరుస్తుంది. ముఖం మీదో, పేరు మీదో మెరుపు కనిపిస్తే ఫైలు వెనక్కి పోవాలి. వెలుగునీడలు మార్చక ముందే చుక్కలు తీస్తే ఈ పరీక్ష శుభ్రంగా వస్తుంది. కర్వ్‌ను అడ్జస్ట్‌మెంట్ పొరగా పెట్టుకున్నవారు దాన్ని ఆపి చూస్తే చాలు.

వాడుక నకలును ఎస్‌ఆర్‌జీబీకి (మామూలు తెరల రంగు ప్రమాణం) మార్చి, 8 బిట్ల జేపెగ్‌గా, పొడవు వైపు 3000 పిక్సెళ్లు, నాణ్యత 85 దగ్గర ఎగుమతి చేయండి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండా అడోబ్ ఆర్‌జీబీలోనే వదిలితే ప్రొఫైల్ చదవని చోట రంగులు పాలిపోతాయి. పదును పెట్టడం కొలత తగ్గించాకే: అన్‌షార్ప్ మాస్క్, రేడియస్ 0.6 నుంచి 1, అమౌంట్ 60–80, థ్రెషోల్డ్ 3. అంచుల వెంట తెల్ల గీత కనిపిస్తే ఎక్కువైందన్నమాట.

ప్రతి ఫైలుకూ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస: సేకరణ సంఖ్య, మాస్టరు చెక్‌సమ్, తిప్పిన కోణం, వాడిన కర్వ్ ఫైలు పేరు, చుక్కలు తీశారా లేదా, తీసిన భాగం, దిద్దినవారు, సరిచూసినవారు, తేదీ. పూడ్చిన పగులు, తగ్గించిన మరక ఏదైనా ఉంటే అది ఎక్కడో మాటల్లో రాయండి: ‘ఎడమ పై మూల, 4 సెంటీమీటర్ల చిరుగు, ప్రదర్శన నకలులో మాత్రమే’. అదే వాక్యాన్ని ఎక్సిఫ్‌టూల్‌తో బొమ్మ వివరణలోనూ పొదగండి. స్ప్రెడ్‌షీట్ పోయినా బొమ్మతోపాటే వెళుతుంది.